ఇరువురి కొకే యంకె



ఉన్నతపాఠశాలలో మూడుపదుల యేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. సంధులు, సమాసములు, గణయతిప్రాసలు నా సొత్తు. లెక్కలు నా సొత్తు కావు. అట్టివాడు ఎన్నికల గణితమును గూర్చి మాటలాడబూనుట మా రాచర్లలో నన్నెరిగినవారికి వింతగా దోచవచ్చును. అయినను నా జీవితమున రెండు పర్యాయములు "వీరందరును సమానులే" యను నొక సామాన్యమైన తలంపు నన్ను చిక్కున బడవైచినది. మొదటిమారు దానివలన నొక బాలికకు రావలసిన బహుమానము రాలేదు. రెండవమారు నా వోటు నడుమనే నిలిచిపోయినది. ఇట్లు దెబ్బ తిన్నవాడనగుటయే ఈ విషయమున నాకు గల యధికారము.

మొదట బడిముచ్చట చెప్పెదను. చాల యేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన పాఠశాలలో పద్యపఠనపు పోటీ జరిగెను. తుదకు మిగిలినవారు ఐదుగురు పిల్లలు. వారి పేర్లు చెప్పను. వ్యాకరణము చదివినవాడను గనుక పరుషములతో వ్యవహరించెదను: క, చ, ట, త, ప. న్యాయనిర్ణేతలు మువ్వురు. ఉత్తమముగా చదివినవారికి 1, తరువాతివారికి 2, ఇట్లు 5 వరకు అంకెలు వేయవలెననియు, మువ్వురి యంకెలును కూడగా ఎవరి మొత్తము తక్కువయో వారికే బహుమానమనియు ముందుగనే చాటితిమి. కూడిక నా వంతు.

మొదటి నిర్ణేత 'క'కు 1, 'ట'కు 2, 'చ'కు 3, 'త'కు 4, 'ప'కు 5 ఇచ్చిరి. రెండవవారు 'క'కు 1, 'చ'కు 2, 'త'కు 3, 'ట'కు 4, 'ప'కు 5 ఇచ్చిరి. మూడవవారు పెద్దవారు, చెవి చురుకైనవారు. 'చ' అను బాలిక చదివిన తీరు వారికి మిక్కిలి నచ్చి 1 వేసిరి. ట, త, ప మువ్వురును తమ దృష్టిలో సమానులే యని మువ్వురకును 2 వేసిరి. 'క' అను బాలుడు మూడవ పాదమున తడబడెనని యతనిని కడపట నుంచి 3 వేసిరి. నేను కూడితిని. 'క'కు 1, 1, 3 వెరసి 5. 'చ'కు 3, 2, 1 వెరసి 6. 'క'కు బహుమానమని ప్రకటించితిని. చప్పట్లు మ్రోగినవి. అందరును ఇండ్లకు బోయిరి.

మరునాడు మా లెక్కల యుపాధ్యాయుడు ఆ కాగితము చూచి, "పంతులుగారూ, ఐదుగురిలో ఆఖరివాడికి మూడెట్లా వచ్చింది?" అని యడిగెను. నాకు వెంటనే బోధపడలేదు. ఆయన పలకమీద వ్రాసి చూపెను. ఐదుగురికి వరుస నిర్ణయించిన యే కాగితమునందైనను 1, 2, 3, 4, 5 అను ఐదు స్థానములుండును. వాని మొత్తము 15. మొదటి యిద్దరి కాగితములును అట్లే యున్నవి. మూడవవారి కాగితమున 1, 2, 2, 2, 3 కూడిన 10 మాత్రమే. ఐదు తరిగినవి. అనగా ఆ మువ్వురును ఒకే కొలబద్దతో కొలువలేదు. ఇద్దరు గజముతో కొలిచిరి, ఒకరు మూరతో కొలిచిరి. నేను గజములను మూరలను కలిపి కూడితిని.

సరియైన పద్ధతి యేమన, సమానులైన మువ్వురును 2, 3, 4 అను మూడు స్థానముల నాక్రమించుకొని యున్నారు. ఎవరి దేదియో చెప్పలేము గనుక ఆ మూటిని కూడి మూట భాగింపవలెను. తొమ్మిదిని మూట భాగింప మూడు. మువ్వురకును తలకొక 3. కడపటివానికి 5. ఇప్పుడు 1, 3, 3, 3, 5 కూడిన మరల 15 వచ్చును. ఇద్దరే సమానులై 2, 3 స్థానములను పంచుకొన్నచో తలకు రెండున్నర వచ్చును. అంకెలలో అర యేమిటని మావంటివారము వెనుదీయుదుము గాని గణకులకు అరయు నొక సంఖ్యయే.

ఈ రీతిని మరల కూడగా 'క'కు 7 వచ్చినది. 'చ'కు 6 అట్లే యున్నది. బహుమానము 'చ'ది!

నన్ను నివ్వెరపరచినది మరియొకటి. సమానులుగా నెంచబడినవారు ట, త, ప. వారిలో నెవరును బహుమానపు దరిదాపులకు రాలేదు. పోటీ యంతయు క, చ ల నడుమనే. వారిద్దరిలో నెవరు మేలో మూడవ నిర్ణేత స్పష్టముగా చెప్పియే యుండెను. అయినను నడుమ నున్న మువ్వురును ఒక మెట్టుపై గుమిగూడుటచే, క్రిందనున్న 'క' రెండు మెట్లు ఊరకనే పైకి వచ్చినాడు. సమానులను సమానులని చెప్పుటలో దోషము లేదు. ఆ సమానులు ఎన్ని స్థానముల నాక్రమించిరో మరచుటలోనే దోషమున్నది. పరుగుపందెములవారు ఇది మరువరు. రెండవ స్థానమున మువ్వురు కలిసిన, తరువాతివాని కైదవ స్థానమే యిత్తురు. ఆ పద్ధతిని కూడినను 'చ'యే గెలిచెడిది.

ఇచట వాదప్రియు డొకడు లేచి, "మువ్వురిలో ఇద్దరు నిర్ణేతలు 'క'యే ఉత్తముడనిరి గదా, అతనికే బహుమానము రావలెను గదా" యని యడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఈ ప్రశ్నమీదనే పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పండితులు వాదులాడుకొనిరి. 1770లో బోర్డా అను నతడు పారిసు విద్వత్పరిషత్తులో, వరుసయంకెల ననుసరించి గణించి నిర్ణయింపుడని ప్రతిపాదించెను. కాండొర్సే అను నాతడు 1785లో ప్రకటించిన గ్రంథమున, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలిపి, ఎక్కువమంది ఎవరిని మేలందురో చూడవలెననెను. కాండొర్సే మా బడికి వచ్చియుండిన 'క'నే మెచ్చియుండును. ఆయన పద్ధతిలో ఇంకొక సుఖమున్నది. ఒక నిర్ణేత ఇద్దరిని సమానులన్నచో ఆ జంటకు సంబంధించినంతవరకు అతడు మౌనము వహించినట్లే; అరలు, మూడవ పాళ్ళు అక్కరలేదు. ఏ పద్ధతి మేలన్నది విద్వాంసులు నేటికిని తర్కించుచున్నారు. కాని మేము కూడిక పద్ధతియని ముందుగా చాటితిమి. చాటిన తరువాత ఆ కూడికయైనను సరిగా చేయవలసినది.

ఆ బాలిక నల్లమల పాదముననున్న యొక పల్లెనుండి నడచి బడికి వచ్చుచుండెడిది. బహుమానము పొందిన బాలుని చేతినుండి పుస్తకము లాగుకొనుటకు నాకు మనసొప్పలేదు. వాడేమి తప్పు చేసెను? గిద్దలూరు పోయి అదే పుస్తకము మరియొక ప్రతి కొనితెచ్చి ఆమెకిచ్చి జరిగినది చెప్పితిని. ఆమె విని, "అయితే సార్, నేను గెలిచినట్టేనా?" అని యడిగినది. అవునంటిని. బడి రికార్డులో మాత్రము 'క' పేరే యున్నది. మరుసటి యేడు ఆమె పోటీలో పేరియ్యలేదు. కారణము నేనడుగలేదు.

ఇక వోటు సంగతి. మన శాసనమండలికి పట్టభద్రుల స్థానములు, ఉపాధ్యాయుల స్థానములు కలవని మీరెరుగుదురు. రాజ్యాంగమునందలి 171వ యధికరణము ప్రకారము మండలి సభ్యులలో పండ్రెండవ వంతు పట్టభద్రులును, పండ్రెండవ వంతు ఉపాధ్యాయులును ఎన్నుకొనవలెను. ఆంధ్రప్రదేశమునకు మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మరల వచ్చినది. మా గిద్దలూరు, మార్కాపురము సీమలు 1970లో కర్నూలు జిల్లానుండి విడివడి ఒంగోలు జిల్లాలో జేరినవి. ఆ జిల్లాయే పిమ్మట ప్రకాశము జిల్లాయైనది. మండలి యెన్నికలలో మాత్రము ప్రకాశము, నెల్లూరు, చిత్తూరు మూడును కలిసి తూర్పు రాయలసీమ నియోజకవర్గము. పేరులోనైనను మాకు రాయలసీమ వదలలేదు.

ఈ యెన్నికలలో మీట నొక్కుట లేదు. కాగితముమీద, అధికారులిచ్చిన ఊదారంగు పెన్నుతో, అభ్యర్థుల పేర్లకెదురుగా ప్రాధాన్యక్రమమున అంకెలు వేయవలెను. 1 తప్పనిసరి, తక్కినవి మన యిష్టము. అక్షరములలో "ఒకటి" అని వ్రాసిన చెల్లదు, అంకెయే వేయవలెను. ఆ యంకె అందరు వాడునదైనను, రోమను అంకెయైనను, భారతీయభాషల అంకెయైనను చెల్లును. ఈ నియమము నాకెంతయో యిష్టము. బడిపుస్తకములలో సైత మరుదైన మన ౧, ౨, ౩ లకు వోటుపత్రముమీద నైనను చోటు దొరకినది.

లెక్కించు తీరిది. చెల్లిన వోట్లను సగము చేసి, శేషమును విడిచి, ఒకటి కూడిన వచ్చునది కోటా. మొదటి ప్రాధాన్యములతోనే ఎవరైనను కోటా నందుకొన్న సరి. అందుకొననిచో అందరికన్న తక్కువ వోట్లు వచ్చినవానిని తొలగించి, అతని కాగితములమీద తరువాతి యంకె ఎవరికున్నదో వారికి చేర్తురు. కోటా నెవరైన అందుకొనువరకో, ఒక్కరే మిగులువరకో ఇట్లే సాగును.

అంతకు పూర్వపు యెన్నికలలో ఒకదానియందు నేను చేసినదేమనగా, నా చిరకాల సహాధ్యాపకుడొకరు స్వతంత్రుడుగా నిలువగా వారికి 1 వేసితిని. వారు గెలువరని వారికిని దెలుసు, నాకును దెలుసు. తక్కినవారిలో ఇద్దరు నాకు సమానముగా గౌరవపాత్రులు. ఒకరికి 2, ఒకరికి 3 వేసిన రెండవవారికి అన్యాయము చేసినట్లగునని తలచి, ఇద్దరికిని 2 వేసితిని. ధర్మకంటకము తప్పినదని తృప్తిగా ఇల్లు చేరితిని. నా సహాధ్యాపకుడు లెక్కింపులో తొలగింపబడెను. ఆయనతోబాటు నా వోటును ముగిసిపోయెను.

1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములలో ఈ విషయము స్పష్టముగనే యున్నది. 1 అను నంకె ఇద్దరికి వేసిన ఆ పత్రము మొదటనే చెల్లదు; కోటా కట్టుటలోనే దానిని లెక్కకు దీసికొనరు. 1 ఒకరికే వేసి 2 ఇద్దరికి వేసినచో, పత్రము చెల్లును. 1 వేసినవారికి వోటు చెందును. కాని ఆయన తొలగినప్పుడు తరువాత నెవరికిని చేరదు. దానిని వరుస ముగిసిన పత్రమందురు. 1, 2 సరిగానే వేసి 3 ఇద్దరికి వేసినను, మూడవ మెట్టువద్దనే నిలిచిపోవును. 1 తరువాత 2 విడిచి 3 వేసినను ఇదే గతి.

ఇంకొక మెలిక యున్నది. నేను 2 వేసిన యిద్దరిలో నొకరు నా సహాధ్యాపకునికంటె ముందే తొలగింపబడిరనుకొందము. అప్పుడు బరిలో నున్నవా డొక్కడే గనుక ఆయనకు నా వోటు చేరవలదా? చేరదు! సమానాంకము పొందినవారు బరిలో నున్నను లేకున్నను పత్రము ముగిసినట్లే యని నియమము. ఈ భాగము నాకు కఠినముగా దోచినది. ఇద్దరిలో నొకరు లేనప్పుడు సందేహమే లేదు గదా. నియమకర్తలు దీని నొకింత సడలించియుండవచ్చును.

మరి నియమకర్త లట్లేల చేసిరి? మీమాంసకుల మాట జ్ఞప్తికి వచ్చుచున్నది. వ్రీహులతో యాగము చేయుమని యొక విధి, యవలతో చేయుమని యొక విధి. రెండును తుల్యబలములు. అప్పుడు ఏదో యొకటి యను వికల్పము నంగీకరించిరి గాని, ఆ వికల్పమునకు ఎనిమిది దోషములున్నవని చెప్పి, గత్యంతరము లేనప్పుడే దానిని గ్రహింపుమనిరి. పాణిని మార్గము వేరు. తుల్యబలములగు రెండు సూత్రములు ఒకచోట నెదురుపడిన, తరువాతి సూత్రమునకే ప్రవృత్తి యని నిర్ణయించెను. ఎన్నికల నియమకర్త యెదుట మూడు మార్గములున్నవి. వోటును ఇద్దరికి సగము సగము పంచుట మొదటిది. ఎవరో యొకరి కిచ్చుట రెండవది. నిలిపివేయుట మూడవది. రెండవది అధికారి చేతికి వోటు నప్పగించుటయే, అది కూడదు. మొదటిదే న్యాయమని నాకు దోచును. నా బడికథలో స్థానములను పంచినట్లే ఇచటను పంచవచ్చును. కాని లెక్కింపు బల్లల యొద్ద మనుష్యులు చేతులతో కాగితములను కట్టలు కట్టుదురు. ఒక కాగితము ఒక కట్టలోనే యుండగలదు. సగము కాగితము ఈ కట్టలో, సగము ఆ కట్టలో నుంచుట యెట్లు? ఆ సగములు మరల తొలగింపులలో పావులై, పావులు అరపావులై పోవును. యంత్రము లెక్కించునప్పు డిది కష్టము కాదు, చేతిలెక్కకు కష్టము. కావున మూడవ మార్గము.

నిలిచిపోయిన వోట్ల కొక లెక్కయా యందురేమో. 1969 ఆగస్టు 16న జరిగిన రాష్ట్రపతి యెన్నికను దలచుకొనుడు. ఆ యెన్నికయు ఈ ప్రాధాన్యక్రమ పద్ధతినే జరుగును. ప్రధాన ప్రత్యర్థు లిరువురును తెలుగువారే: బరంపురమున బుట్టిన వి. వి. గిరి గారు, అనంతపురము జిల్లా యిల్లూరున బుట్టిన నీలం సంజీవరెడ్డి గారు. మూడవవారు సి. డి. దేశముఖు గారు. మొత్తము 15 మంది. శాసనసభ్యుల వోట్లకు విలువలు గట్టి కూడగా చెల్లినది 8,36,337, కోటా 4,18,169. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశముఖు గారికి 1,12,769. ఎవరికిని కోటా లేదు. క్రిందివారిని తొలగించి రెండవ ప్రాధాన్యములు పంచగా, సంజీవరెడ్డి గారు దాదాపు 92 వేలు పుంజుకొని 4,05,427కు వచ్చిరి. గిరి గారు 18,562 మాత్రమే కూడగట్టుకొనిరి. అవియే వారిని 4,20,077కు చేర్చి గెలిపించినవి. ఈ రెండు మొత్తములను కూడి చెల్లిన మొత్తమునుండి తీసివేయుడు. 10,833 మిగులును. అది వరుస ముగిసి ఎవరికిని చేరని విలువ. గెలుపోటముల నడుమ నంతరమో, 14,650. ఆ 10,833 అంతయు ఒకవైపే పోయియుండినను ఫలితము మారదు గాని, ఎంత చేరువకు వచ్చెనో చూడుడు. కోటా నైనచో గిరి గారు దాటినది 1,908తో మాత్రమే.

ఇంతవరకు కాగితముమీది సమానత్వము. కాగితములన్నియు సక్రమముగ నున్నను అభ్యర్థులే వోట్లలో సమానులైనచో? కడపట నిద్దరు సమానముగ నుండి, ఒకరిని తొలగింపవలసివచ్చినప్పుడు, మొదటి ప్రాధాన్యములు ఎవరికి తక్కువయో వారిని తొలగింతురు. అవియు సమానమైన చీటీ వేయుదురు.

చీటీ మనకు క్రొత్త కాదు. తమిళదేశమున ఉత్తరమేరూరులో పరాంతకచోళుని నాటి శాసనములు, క్రీ. శ. 919, 921 సంవత్సరములవి, గ్రామసభ్యులను తాటాకుచీటీలు కుండలో వేసి తీయించి యెన్నుకొన్న విధమును వివరించుచున్నవి. కాని చీటీ తీసిన గెలుపా, ఓటమియా? ఇది హాస్యప్రశ్న కాదు. మామూలు శాసనసభ, లోకసభ యెన్నికలలో ఇద్దరికి సమముగ వచ్చిన, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 65వ విభాగము ప్రకారము, చీటీ యెవరికి పడిన వారికొక వోటు అదనముగా వచ్చినట్లు భావింతురు. అనగా చీటీ పడినవాడు గెలిచినట్లు. ప్రాధాన్యక్రమపు టెన్నికలో చీటీ వేయునది తొలగించుటకు! 2024 ఫిబ్రవరి 27న హిమాచల ప్రదేశమునుండి రాజ్యసభ స్థానమునకు జరిగిన యెన్నికలో 68 మంది శాసనసభ్యులలో 34 మంది అభిషేక్ మను సింఘ్వీ గారికి, 34 మంది హర్ష్ మహాజన్ గారికి వోటు వేసిరి. కోటా 35, ఇద్దరును ఒక్క మెట్టు దిగువ. చీటీలో సింఘ్వీ గారి పేరు వచ్చినది. వా రోడిపోయినట్లు ప్రకటించిరి. లోకములో ఎచటనైనను చీటీలో పేరు వచ్చినవాడు గెలుచును గదా యని వారు న్యాయస్థానమునకు బోయిరి. లోకవాడుక వారి పక్షమున నున్నది. నియమపు భావము మాత్రము తొలగింపబడువాడెవడని యడుగుచున్నది. రెండిటికి రెండు విధములుగా వ్రాయుట మాత్రము సామాన్యులను తికమక పెట్టుటయే. వ్యాకరణమున ఒకే ప్రత్యయము ఒకచోట విధిని, మరియొకచోట నిషేధమును చెప్పినచో విద్యార్థులు గురువును బడినుండి తరిమివేయుదురు.

2023 మార్చి 13న మరల పట్టభద్రుల యెన్నిక వచ్చినది. ఊదారంగు పెన్నుతో ౧, ౨, ౩ అని మన తెలుగంకెలే వరుసగా వేసితిని. ఈమారును నాకు సమానముగ గౌరవపాత్రు లిద్దరు ఆ జాబితాలో నుండిరి. ౨ ఎవరికి, ౩ ఎవరికి యను విషయమున ముందునాటి సాయంకాలము మా యింటి యరుగుమీద దీపాలు పెట్టువరకు కూర్చుండి యాలోచింపవలసి వచ్చినది.